ఎర్రజుట్టు మొక్కు

పోయిన వారం మనం ముకుందం మాస్టార్ని ఆయన నట్టింట్లోనే, ఒక చేత్తో కాఫీ గ్లాసు, ఇంకో చేత్తో తల పట్టుకున్న భంగిమలో వదిలేసి వచ్చాం. ఏడు రోజులైనా మనిషి అట్లాగే నిలబడి ఉన్నాడు. కాఫీ చల్లారింది. మనిషి చల్లారలేదు.

ఈ వారమే కథలోకి అడుగు పెడుతున్న వాళ్ళ కోసం ఆ తలనొప్పి తలా తోకా చెప్పేస్తాను.

ముకుందం తిరుపతి బేరివీధిలో ఇరవై రెండేళ్ళుగా ఇంగ్లీషు ట్యుటోరియల్ నడుపుతున్నాడు. ఆర్నెల్ల కిందట రేణిగుంట స్టేషన్ మాస్టరు ఒక సీమ కవరు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. మన రైల్వే కాలనీలో ఇంజన్ డ్రైవరు లాసన్ దొర ఇంట్లో ఆయాగా చేసిన మునిరత్నమ్మ ఇంకా బతికుందా అని లాసన్ కూతురు డొరొతీ ఇంగ్లండు నుంచి రాసిన ఉత్తరం అది. ముకుందం వాకబు చేశాడు. మునిరత్నమ్మ కరకంబాడిలో నిక్షేపంగా ఉంది. ఆ ఒక్క ముక్క రాసి ఊరుకుంటే మన కథ మొదటి వారమే ముగిసేది. కానీ ఇంగ్లీషు మాస్టారు కదా, చివర్లో అలంకారం లేకపోతే ఆయన చెయ్యి ఊరుకోదు. "తమరు ఎప్పుడైనా ఇటు విచ్చేస్తే మా పూరిగుడిసెను తమ సొంత గృహంగా భావించగలరు" అని ఒక వాక్యం అంటించాడు. ఏటా నలభై మంది పిల్లలతో కంఠస్థం చేయించే వాక్యం. దాన్ని చదివి ఎవరైనా నమ్ముతారని ఆయన కలలో కూడా అనుకోలేదు.

డొరొతీ నమ్మింది. మూడు పెట్టెలతో దిగింది. ఇప్పటికి పదకొండు రోజులుగా ముకుందం నట్టింట్లో ఒక నటి.

నటి అంటే అట్లాంటిట్లాంటి నటి కాదు. ఇంగ్లండులో టీవీ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆమె మొహం తెలుసు. 'పాటర్స్ రో' అని ఒక వీధి కథ అక్కడ సోమవారం, గురువారం సాయంత్రాలు పద్నాలుగేళ్ళుగా వస్తోంది. ముకుందం దాని పేరును 'కుమ్మరి సందు' అని తెనిగించి భార్యకు చెప్పాడు. ఆ సందు మొదట్లో బట్టలుతికే దుకాణం పెట్టుకుని, ఊరందరి బట్టల్తోపాటు ఊరందరి బతుకులూ ఉతికి ఆరేసే గ్లాడిస్ అనే నోటిదురుసు మనిషి వేషం డొరొతీది. నిజానికి ఒక్కరోజు వేషం. మూట తెచ్చి బల్లమీద పడేసి, "మచ్చ పోదు, మనిషిని మార్చుకో" అని వెళ్ళిపోవాలి. ఆ ఒక్క మాటకు జనం ఉత్తరాలు గుప్పించారు. కంపెనీవాళ్ళు మళ్ళీ పిలిచారు. అంతకుముందు పదిహేనేళ్ళు ఆమె ఊరూరా తిరిగే నాటక కంపెనీల్లో తెర లాగింది, చీపురు పట్టింది, రాణిగారి వెనక నిలబడే దాసిగా నిలబడింది. ముప్పై నాలుగో ఏట దొరికింది ఈ పాత్ర. పాత్ర అన్నాక తోముతూ ఉంటేనే మెరుపు. ఆమె పద్నాలుగేళ్ళు తోమింది.

ఆ పాత్రకు మూత ఆమె జుట్టు. నిప్పు రాజేసినట్టుండే ఎర్రజుట్టును నెత్తిమీద గోపురంలాగా కట్టుకుంటుంది. అక్కడి పిల్లలు గ్లాడిస్ బొమ్మ వెయ్యాలంటే మొహం తర్వాత వేస్తారట, ముందు గోపురం వేస్తారట.

"దీన్ని సబ్బు నాటకం అంటారు," అని ముకుందం మొదటి రోజే భార్య కల్యాణవల్లికి వివరించాడు. "వెనకటికి సబ్బు కంపెనీలు ఇట్లాంటి కథలు వేయించేవి, అందుకని ఆ పేరు."

"పద్నాలుగేళ్ళుగా ఒకే నాటకమా?" కల్యాణవల్లి బుగ్గన వేలేసుకుంది. "శ్రీరాముడే ఆ లెక్కకు అడవి నుంచి ఇంటికొచ్చేసినాడు కదండీ! ఈమె ఇంకా సందులోనే ఉండాదా?"

"అడవిలో ప్రొడ్యూసరు లేడు, వచ్చేసినాడు. సందులో ఉన్నాడు."

అదీ సంగతి. ప్రొడ్యూసరు కొత్తవాడు, హార్‌గ్రీవ్స్ అని. పాత ముఖాలన్నీ ఏరిపారేస్తున్నాడు. ఆ కథల్లో ఉద్యోగం పోవడం మనలాగా కాగితం మీద జరగదు. పాలవాడిని లారీ గుద్దుతుంది, పంతులమ్మ ఆస్ట్రేలియా వెళ్ళిపోతుంది, అంతే, సోమవారం నుంచి జీతం లేదు. తన వంతు ఎప్పుడొస్తుందో అన్న గుబులు డొరొతీకి. ఆ గుబుల్లోనే ఆయా గుర్తొచ్చింది. ఆయాతోపాటు మొక్కు గుర్తొచ్చింది.

డొరొతీకి ఆరేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చింది. రైల్వే డాక్టరు పెదవి విరిచాడు. మునిరత్నమ్మ కొండవైపు తిరిగి, "ఈ బిడ్డ లేసి కూసుంటే దీని తలనీలాలు నీకే సామీ" అని మొక్కేసుకుంది. బిడ్డ లేచి కూర్చుంది. లాసన్ దొర మాత్రం "మేము చర్చికి పోయేవాళ్ళం, గుండు గీయించం" అని కుర్చీలోంచి లేవలేదు. వాళ్ళు ఓడ ఎక్కేశారు. మొక్కు ఇక్కడే రేవులో మిగిలిపోయింది.

ఇప్పుడు డొరొతీకి నలభై ఎనిమిది. జుట్టు కత్తిరిస్తే, కాంట్రాక్టు ప్రకారం గ్లాడిస్ హుష్‌కాకి. కత్తిరించకపోతే ఆయా ఊరుకోదు. తలనీలాలు అన్నారు గానీ ఈమెవి తలకెంపులు, అంత సులభంగా రాలవు. కేశాలు ఆమెవి. క్లేశాలు ముకుందానివి.

ఇదిగో, ఇప్పుడు శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నర. పదింటికి కరకంబాడి బస్సులో మునిరత్నమ్మ దిగుతుంది. పదింటికే లండన్ నుంచి హార్‌గ్రీవ్స్ ట్రంకుకాల్. అక్కడ ఇంకా తెల్లారదు, కానీ లైను దొరికేది ఆ వేళకేనట. ఏడేళ్ళు వెయిటింగ్ లిస్టులో తపస్సు చేసి సాధించిన ఫోను మీద ముకుందం ఇంతవరకు అందుకున్న అతి దూరపు కాల్ పుత్తూరు నుంచి.

"డాలీ గారూ," అన్నాడు ముకుందం, చల్లారిన కాఫీని మందులాగా మింగి, డొరొతీని ఆయా పిలిచే ముద్దుపేరుతోనే. "నేను ఆలోచించినాను. మీకు ఇబ్బంది లేదు, ఆయాకు ఇబ్బంది లేదు, స్వామికి అసలే లేదు. మూడు కత్తెర్లు."

"అంటే ఏందప్పా?" డొరొతీ పూలగౌను సర్దుకుని, చాపమీద బాసింపట్టు వేసుకుని, కల్యాణవల్లి పక్కన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పదమూడో ఏట ఓడ ఎక్కిన మనిషి. ఆమె తెలుగు కూడా ఆ పదమూడో ఏటనే, ఆయా వంటింట్లోనే ఆగిపోయింది. లండన్ ముచ్చట్లు చెప్పినా రేణిగుంట లోకోషెడ్డు వెనకాల నుంచే వినపడతాయి. కొత్తగా విన్నవాళ్ళకు ఆమె మొహం ఒకరిదీ గొంతు ఇంకొకరిదీ అనిపిస్తుంది.

"ఆడవాళ్ళు పూర్తిగా గుండు చేయించుకోలేకపోతే కత్తెరతో మూడుసార్లు కొసలు కత్తిరించి సమర్పిస్తారు. కొండమీద అందరూ చేసేదే. మీ గోపురానికి కలశం కూడా కదలదు."

డొరొతీ చేతిలోని చిక్కుడుకాయ ఆగింది. "కత్తెర అంటే... ఎవురో మంగలాయన నా జుట్టు పట్టుకోని సూస్తాడా?"

"చూడకుండా ఎట్లా కత్తిరిస్తాడు?"

"అయితే వద్దులే అయ్యోరా."

"ఏం వద్దు?" ముకుందం గొంతు ట్యుటోరియల్ స్థాయికి లేచింది. "గుండు వద్దంటిరి, సరే. కొసలు కూడా వద్దంటే ఎట్లా? మరి అయిదువేల మైళ్ళు ఎందుకొచ్చినట్టు? కొండ కింద కూర్చుని చిక్కుడుకాయలు వొలవడానికా? పదకొండు రోజులుగా నేను పాఠాలు చెప్పలేదు. పిల్లలు 'సార్, సీమదొరసాని కత కానీండి' అంటున్నారు. ప్రెజెంట్ పర్‌ఫెక్టు చెప్పాల్సిన నేను ఇంపర్‌ఫెక్టుగా తయారైనాను!"

"అరవకండి, వీధిలోకి వినబడతాది," అంది కల్యాణవల్లి. "ఆమెకు మనసు రాలేదు. ఆడదాని జుట్టండీ. మీకేం తెలుసు, మీకున్నవి లెక్కపెట్టుకోవచ్చు."

ముకుందం చెయ్యి అప్రయత్నంగా నెత్తిమీదికి పోయింది. అక్కడ తడుముకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

సరిగ్గా అప్పుడే గడపలో చెప్పుల చప్పుడు. పదింటికి రావాల్సిన మునిరత్నమ్మ పావుతక్కువ పదికే దిగింది. డెబ్బై దాటిన మనిషి. నల్లగా, సన్నగా, వేపపుల్లలాగా ఉంటుంది. ఎర్రంచు తెల్లచీర కొంగు నెత్తిమీద నిండుగా కప్పుకుని ఉంది. చంకలో గుడ్డసంచి.

"లేసినారా తల్లీ? డాలీపాపా, నీళ్ళు పోసుకున్న్యావా? అలిపిరి దగ్గిర ఎండెక్కకముందే మెట్లెక్కాల. ఇదో, గంధం అరగదీసి తెచ్చినా, గుండుకు పూసేదానికి. సల్లగా ఉంటాది." సంచిలోంచి అరటాకు పొట్లం తీసి కల్యాణవల్లి చేతికిచ్చింది.

గుండు ఇంకా గీయలేదు, గంధం వచ్చేసింది. ముకుందానికి ఒళ్ళు మండింది. ఆ మంటకు కూడా కాస్త గంధం కావాల్సి ఉంది.

"మునిరత్నమ్మా, కూర్చో. గుండు కుదరదు. ఆమె ఉద్యోగం ఆ జుట్టు మీద ఉండాది. మూడు కత్తెర్లతో ముగించేద్దాం. దేవుడు కాదనడు."

"దేవుడు కాదనడు సామీ. నేనంటా."

"నువ్వెవరు అనడానికి?"

"మొక్కుకున్న్యదాన్ని." మునిరత్నమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుంది. గొంతు పెంచలేదు. "అయ్యోరు సామీ, మీరు సదువుకున్న్యోళ్ళు. ఒకమాట సెప్పండి. మాటిచ్చినాక మాట తగ్గించుకోవచ్చునా? బిడ్డ ఊపిరి ఆగిపోతాంటే మూడు కత్తెర్ల బిడ్డను ఇయ్యమని అడిగినానా? నిండు బిడ్డను అడిగినా. నిండు తల ఇస్తానన్న్యా."

"అది నలభై రెండేళ్ళ కిందటి మాట! అప్పుడు ఈమెకు జీతం లేదు, కాంట్రాక్టు లేదు. పాలపళ్ళు కూడా ఊడలేదు. కాలాన్ని బట్టి—"

"కాలమా?" అంది మునిరత్నమ్మ. "కాలం ఎంతయిందో నాకు తెలుసు సామీ. ఏటా తడిమి సూసుకుంటానే ఉండా."

కొంగు వెనక్కి తోసేసింది.

గుండు. నున్నటి గుండు కాదు. నెల కిందట గీయించుకున్న తలమీద తెల్లటి మొలకలు నువ్వులు చల్లినట్టున్నాయి.

"నువ్వు ఓడెక్కిన ఏడు మొదులుకొని, సామి నెల పెరటాశి వచ్చిందంటే కొండెక్కేది, 'ఈ ఏడు దాని బదులు నాది తీసుకో సామీ, అది వచ్చినాక దానిది ఇస్తాది' అని ఇచ్చేసి దిగేది. ముప్పై అయిదు తూర్లు. ఈ ఏడు అయ్యోరు వచ్చి నువ్వు బతికుండావని, రాబోతాండావని సెప్పినారు. పెరటాశి దాకా ఆగలేకపోయినా. పోయిన నెలే పోయి, ఇదే కడాపటిది సామీ అని సెప్పి వచ్చినా. ఊర్లో మొగుడు సచ్చినందుకు తల తీయించుకుంటాదనుకున్న్యారు. మొగుడు సచ్చింది ఎనిమిదేండ్ల కిందట. అంతకు ముందు ఇరవై ఏడేండ్లు ఆయప్ప, 'నీ తల సూస్తే నాకు దేవుడు గుర్తుకొస్తాడే గాని పెండ్లాం గుర్తుకు రాదే' అని దెప్పతానే బతికినాడు."

కల్యాణవల్లి నవ్వబోయింది. నవ్వు సగంలోనే కళ్ళల్లోకి పోయింది. 

డొరొతీ లేచి నిలబడింది. చిక్కుడుకాయలు గౌనులోంచి జలజల రాలాయి.

"ఆయా," అంది. "నీకెవురు సెప్పినారు అట్ల సెయ్యమని?"

"ఎవురు సెప్పాల? నీ తలకు నా తల జామీను."

డొరొతీ రెండు చేతులూ గోపురంలోకి పోయాయి. ఒక పిన్ను తీసింది. ఇంకో పిన్ను. పదకొండు రోజులుగా ఆ పిన్నులు తీయగా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. తలుపు గడియ పెట్టుకోకుండా ఆమె ఎన్నడూ తల దువ్వుకోలేదు. ఏడో పిన్నుకు, ఇంగ్లండు దేశమంతా ఎరిగిన ఆ ఎర్రటి గోపురం పునాదులతో సహా చేతిలోకి వచ్చేసింది.

కింద ఏమీ లేదు. గుడ్డుపెంకులాగా తెల్లటి నున్నటి తల.

"రెండేండ్లయింది," అంది డొరొతీ, విగ్గును రెండు చేతులతో పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని. "ముందు నాణెమంత ఊడింది. ఆమీట అరచెయ్యంత. ఆమీట అంతా."

"పేనుకొరుకుడు," అంది మునిరత్నమ్మ గొణుగుతున్నట్టు. "అయ్యో నా బిడ్డా."

"కంపెనీలో ఎవురికీ తెలీదు. తెలిస్తే ఆ పొద్దే గ్లాడిస్‌ను లారీ కింద తోసేస్తారు. ఒక ముసిలాయన గుట్టుగా ఇది కట్టిచ్చినాడు. పోయిన సలికాలం ఆయనా పోయినాడు. లోకంలో ఇట్లాంటిది ఇదొక్కటే. ఆయా, నేను నిన్ను సూసేదానికి వచ్చినా గాని మొక్కు తీర్సేదానికి కాదు. ఇచ్చేదానికి నా తల మీద ఒక ఎంటిక లేదు. ఆ మాట నీకు ఎట్ల సెప్పాలో తెలీక పదకొండు దినాలుగా చిక్కుడుకాయలు వొలస్తాండా."

అప్పుడు అర్థమైంది ముకుందానికి, కత్తెర అనగానే ఆమె ఎందుకు బెదిరిందో. ఇంతసేపు లేని జుట్టు కోసం తను జుట్టు పీక్కున్నాడు! పీక్కోవడానికి తనకూ పెద్దగా లేదన్నది వేరే సంగతి. కోపం ఎవరిమీద చూపాలో తెలియక గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. అక్కడా స్వామే ఉన్నాడు.

మునిరత్నమ్మ లేచి వెళ్ళి ఆ తెల్లటి తలమీద చెయ్యి వేసి నిమిరింది. కాసేపు రెండు గుండ్లూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. తర్వాత ఆమె చూపు డొరొతీ చేతుల్లోకి జారింది.

"ఇది ఎవురి జుట్టు?"

"ఏమో ఆయా. మంచి జుట్టని ముసిలాయన గొప్పగా సెప్పుకుండె. ఇండియాలో ఏదో కొండమీద దేవునికి ఇచ్చిన జుట్టంట. దాన్ని కడిగి రంగేసి..."

 నలుగురూ ఒకేసారి కిటికీ వైపు చూశారు. కిటికీలోంచి చూస్తే కొండ కనబడకుండా ఉండే ఇల్లు బేరివీధిలో లేదు.

"సామిది!" మునిరత్నమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఎవురో మొక్కుకోని సామికిచ్చిన తలనీలాలు, నువ్వు రంగేసుకోని నెత్తిన పెట్టుకోని రెండేండ్లు ఊరేగినావా? నీది ఇయ్యకపోగా ఆయనది ఎత్తుకపోయినావా?"

"ఎత్తుకుపోలేదు మునిరత్నమ్మా," ముకుందం కల్పించుకున్నాడు. "కొండమీద తీసిన జుట్టు మూటలు కట్టి పై దేశాలకు పంపడం ఎప్పటినుంచో ఉన్నదే. అంతా కాగితాల ప్రకారం—"

ట్రింగ్‌మంది ఫోను. మామూలు ట్రింగు కాదు, ట్రంకుకాల్ ట్రింగు, ఆగకుండా కొట్టుకుంటూనే పోయే రకం. డొరొతీ విగ్గు గుండెలకు అదుముకుంది. "నువ్వే ఎత్తు అయ్యోరా. నాకు ఇప్పుడు గొంతు రాదు."

ముకుందం రిసీవరు ఎత్తాడు.

"నమస్తే సార్! నేను చంద్రకాంతమ్మను, ఎక్స్ఛేంజి నుంచి. మీ దగ్గర ఇంగ్లీషు రెండుసార్లు తప్పినాను, గుర్తుండాదా? లండన్ దొరుకుతాండాది సార్. మూడు నిమిషాలు. గట్టిగా మాట్లాడండి, మధ్యలో సముద్రం ఉండాదంట."

గరగర, బుడబుడ, ఆ తర్వాత బావిలోంచి వచ్చినట్టు ఒక మగగొంతు. ముకుందం తన ఇంగ్లీషుకు ఇస్త్రీ చేసి, అంగీ గుండీ పెట్టుకుని మరీ మాట్లాడాడు. ఒక్కో ముక్కా విని, మౌత్‌పీసుకు చెయ్యి అడ్డం పెట్టి ఇటు తెలుగులో అప్పజెప్పాడు.

"గ్లాడిస్‌ను తీసేయడం లేదంట!... పాలవాడిని లారీ గుద్దిన తర్వాత జనం ఉత్తరాలతో కంపెనీ మీద పడ్డారంట. అందుకని ఇప్పుడు గ్లాడిస్‌కు పెళ్ళంట. రొట్టెల దుకాణం ఆయనతో... దేశమంతా చూస్తారంట. మూడేళ్ళ కాంట్రాక్టు, కాగితం బల్లమీద రెడీగా ఉందంట... సోమవారం పొద్దున స్టూడియోలో ఉండాలి. రేపు మద్రాసులో విమానం ఎక్కితే అందుకుంటారంట. రాకపోతే?... రాకపోతే గ్లాడిస్ చెల్లెలి ఊరికి రైలెక్కి మళ్ళీ కనబడదంట. ఆ జుట్టు భద్రంగా ఉందా అని అడుగుతున్నాడు. జుట్టు లేకపోతే గ్లాడిస్సే లేదంట."

డొరొతీ మొహం ఒక్క క్షణం వెలిగింది. ముప్పై నాలుగో ఏట ఆ మొహం ఎట్లా వెలిగి ఉంటుందో ముకుందానికి కనబడింది. పదిహేనేళ్ళ చీపుర్లు, పద్నాలుగేళ్ళ గోపురం, ఇంకో మూడేళ్ళు, పైగా నెత్తిన పెళ్ళి ముసుగు. ఆ విగ్గు మళ్ళీ తలకెక్కితే చాలు.

"వస్తుందని చెప్పేయమంటారా?" అన్నాడు ముకుందం, గొంతులో ఆత్రం దాచుకోలేక. పన్నెండో రోజుకు తన ఇల్లు తనదవుతుందన్న ఆశ కూడా అందులో కలిసి ఉందని మనం ఒప్పుకోవాలి.

మునిరత్నమ్మ చెయ్యి చాపింది.

"ఆ ఎర్రది ఇట్ల ఇయ్యి పాపా. కొండమీది సరుకు కొండకే పోతాది. ఇయ్యాలే."

"ఆయా, ఇది పోతే నాకు పని లేదు. ఇరవై తొమ్మిదేండ్ల కష్టం."

"నాకు తెలుసు. అందుకే అడుగుతాండా. ఇచ్చేది నొప్పి లేకుంటే అది మొక్కెట్ల అవుతాది?"

"ఆగు, ఆగు!" ముకుందం రిసీవరును గొంతు పిసికినట్టు మూసి పట్టుకున్నాడు. "శాస్త్రం ఒప్పుకోదు మునిరత్నమ్మా! తలనీలాలు అంటే ఎవరి తలవి వాళ్ళివ్వాలి. ఇంకొకరి జుట్టు తీసుకుపోయి ఇది నా మొక్కు అంటే చెల్లుతుందా?"

"సెల్లదా?" ముసలామె తిరిగి చూసింది. "అయితే నేనిచ్చిన ముప్పై అయిదూ సెల్లలేదా సామీ? అవి దీనివి కాదే. నావే."

ఇంగ్లీషు గ్రామరులో నలభై మంది నోళ్ళు మూయించే ముకుందం నోరు అట్లాగే తెరుచుకుని ఉండిపోయింది. కల్యాణవల్లి చెంగుతో కళ్ళు ఒత్తుకుని, "మీరు కాసేపు ఊరుకోండి," అంది, ఆయన ఊరుకునే ఉన్నాడని కూడా చూడకుండా.

"సార్, ఒకటిన్నర నిమిషం," అంది రిసీవర్లోంచి చంద్రకాంతమ్మ.

డొరొతీ ఆయా తలమీది తెల్లటి మొలకల వైపు చూసింది. చేతిలోని ఎర్రటి మూట వైపు చూసింది. దాని చిక్కు వేళ్ళతో విప్పింది, స్టూడియోకు పోయే ముందు రోజూ చేసినట్టు ఓపికగా. ముందు కుచ్చు సరిచేసింది. తర్వాత తెచ్చి మునిరత్నమ్మ కొంగులో పెట్టింది.

"నీ కాళ్ళు ఇంకా మెట్లెక్కుతాయా ఆయా?"

"నువ్వు పట్టుకుంటే ఎక్కుతాయి."

"పదా." చెప్పులు వదిలేసి, బోడితలతో, పూలగౌనుతో గడప దాటింది డొరొతీ. గడప అవతల నుంచి వెనక్కి తిరిగి, "అయ్యోరా, ఆ హార్‌గ్రీవ్స్‌కు నువ్వే సెప్పు. నాకంటే నీ ఇంగ్లీషు బాగుంటాది," అంది. వెక్కిరింత కాదు. నిజంగానే అంది.

కల్యాణవల్లి గంధం పొట్లం తీసుకుని, మంచినీళ్ళ చెంబు తీసుకుని, తాళంచెవుల గుత్తి మొగుడి చేతిలో పడేసి, "అన్నం హాటుబాక్సులో ఉండాది, చారు వేడి చేసుకోండి," అని వాళ్ళ వెనకే పరిగెత్తింది. వీధి మలుపులో అలిపిరి బస్సు హారను కొట్టింది.

నట్టింట్లో ముకుందం మిగిలాడు. ఫోను మిగిలింది. నేలంతా చిక్కుడుకాయలు మిగిలాయి.

"హలో? మిస్టర్ ముకుందం? ఆమె వస్తోందా లేదా?"

"సార్, ఇంక ఇరవై సెకన్లే," అంది చంద్రకాంతమ్మ. "నేను మీ మాటలన్నీ విన్నానని కాదు గానీ, పాపం సార్ ఆమె. ఇరవై తొమ్మిదేండ్లంట."

లేదు అని చెప్పడానికే ముకుందం గొంతు సవరించుకున్నాడు. మొక్కు గొప్పది, ముసలామె మాట గొప్పది, వాళ్ళిద్దరి మధ్య తనెవడు? 'నో' అన్న ఒక్క ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు ఇందాక వెలిగిన ఆ మొహం కళ్ళముందు మెదిలింది. మనిషి ఒళ్ళంతా చిరాకుతో నిండిపోయినప్పుడు కూడా లోపల ఎక్కడో ఒక మూల మెత్తగా ఉండిపోతుంది. అదే కొంపలు ముంచుతుంది.

"యెస్ సార్," అన్నాడు ముకుందం. "సోమవారం పొద్దున తొమ్మిదింటికి. జుట్టుతో సహా."

లైను తెగింది.

రిసీవరు పెట్టేసి, తను ఏమన్నాడో తనే ఒకసారి మనసులో తెలుగు చేసుకున్నాడు.  తలుపుకు తాళం కూడా వెయ్యకుండా, చెప్పులు కూడా తొడుక్కోకుండా, వీధి మలుపు వైపు పరుగెత్తాడు. సోమవారానికి ఆ జుట్టు లండన్లో ఉండాలి. ప్రస్తుతం అది మునిరత్నమ్మ కొంగులో, కదిలిపోయిన అలిపిరి బస్సులో ఉంది.